ఆముదం గెల పక్కన గంజాయి పూత

(వ్యవసాయ డిగ్రీ విద్యార్థుల ముందు ఒక రిటైర్డ్ ఆముదం బ్రీడర్, అంటే కొత్త ఆముదం రకాలు తయారుచేసే శాస్త్రవేత్త, మాట్లాడినది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినిపిస్తోందా? వినిపించకపోతే ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం అంటారు కదా. ఈరోజు అక్షరాలా అదే జరిగింది. గంజాయి మొక్క పూత గురించి, ఆ పూత చూసి బ్రీడింగ్ ఎలా చేశారన్న దాని గురించి చెప్పేవాళ్ళ కోసం మీ సార్లు వెతికారు. ఎవరూ దొరకలేదు. ముప్ఫై ఏళ్ళు ఆముదం చేలో తిరిగినవాణ్ణి, నన్ను పిలిచారు. నేనూ ఒప్పేసుకున్నాను. ఎందుకంటే ఈ రెండు మొక్కలూ చుట్టాలు కాకపోయినా వాటి బ్రీడర్ల తలనొప్పి మాత్రం ఒక్కటే. ఆడపూవు, మగపూవు వేరు వేరుగా ఉండటం. ఆ తలనొప్పి గురించే ఇవాళ నా మాటలన్నీ.

ముందే ఒక మాట. నోట్సు రాసుకోండి, గింజలు మాత్రం నాటకండి. 1985 నాటి ఎన్‌డీపీఎస్ అనే మాదకద్రవ్యాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఈ మొక్క పెంచితే పదేళ్ళ దాకా కఠిన కారాగారం, లక్ష దాకా జరిమానా. మన ఏజెన్సీ కొండల్లో శీలావతి అని ఒక గంజాయి రకం పేరు వింటుంటారు, పేపర్లో చూసే ఉంటారు. పేరు చల్లగా ఉంది కదా అని అటు పోకండి. కానీ ఆ చట్టాన్ని ఒక్కసారి బ్రీడర్ కళ్ళతో చదవండి, తమాషాగా ఉంటుంది. గంజాయి అంటే ఏమిటని రాశారందులో? పూత తలలు, కాయ తలలు. తలలు లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. అందుకే కాశీలో ఆకు భంగు దుకాణాలు బహిరంగంగా నడుస్తాయి. అంటే చట్టం కూడా మొక్కలో గీత ఎక్కడ గీసింది? పూత దగ్గర గీసింది. బ్రీడర్ గీసేదీ అక్కడే.

ఇంకో గందరగోళం కూడా ముందే తీర్చేద్దాం. ఇంగ్లీషువాడు నార ఇచ్చే ప్రతి మొక్కకీ హెంప్ అని పేరు పెట్టేశాడు. మన జనుము వాడికి సన్ హెంప్. మన గోగు వాడికి దక్కన్ హెంప్. ఆ గోగునారే భీమునిపట్నం రేవు నుంచి ఓడలెక్కి బిమ్లీ జూట్ అయింది. గోగు శాస్త్రీయ నామం ఎవరైనా చెప్తారా? ఆ... హైబిస్కస్ కన్నాబినస్. శభాష్ అమ్మా. కన్నాబినస్ అంటే గంజాయి లాంటిదని. ఆకు వేళ్ళలా చీలి ఉంటుంది కాబట్టి ఆ పేరు. మీరు పొద్దున్న తిన్న గోంగూర పచ్చడికీ గంజాయికీ ఆకు పోలిక తప్ప ఏ సంబంధమూ లేదు. కంగారుపడకండి. ఇవాళ నేను హెంప్ అన్నానంటే మత్తు లేని నార రకం, గింజ రకం గంజాయి అని. మొక్క ఒకటే, కన్నాబిస్ సటైవా. 1753లో లినేయస్ పెట్టిన పేరు.

సరే, పూత. నేను దీన్ని దగ్గరగా చూసింది పంత్‌నగర్‌లో. ఏదో ట్రైనింగుకి వెళ్ళాను. అక్కడి తరాయి నేలలో ఇది మన వయ్యారిభామలా రోడ్డు పక్కన పిచ్చిమొక్క. గేటు దాటితే చాలు, నడుమెత్తున గుంపులు గుంపులు. జేబులో భూతద్దం ఎప్పుడూ ఉంటుంది కదా, మన జాతి లక్షణం అది. వంగి చూశాను.

మగమొక్క సన్నగా, పొడుగ్గా, కాస్త ఏపుగా పెరుగుతుంది. పూలు చిన్న చిన్న గంటల్లా కిందికి వేలాడతాయి. ఐదు రేకుల్లాంటి పచ్చని పత్రాలు, వాటి మీదికి ఐదు కేసరాలు. అంతే. రంగు లేదు, తేనె లేదు. ఎందుకుంటాయి? తేనెటీగను పిలవాల్సిన పని లేదు. దాని పని గాలితో. కొమ్మను వేలితో ఇలా తట్టాను, పసుప్పచ్చ పొగ లేచింది. ఒక్క మగపూవులో 3,50,000 దాకా పుప్పొడి రేణువులు ఉంటాయని లెక్క. ఒక్క మొక్కకి అలాంటి పూలు ఎన్నో మీరే ఊహించుకోండి. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

ఆడపూవు ఇంకా చిత్రం. అసలు మొదటిసారి చూస్తే పూవనుకోరు. ఒక చిన్న ఆకుపచ్చ తొడుగు, చీరకొంగు చుట్టుకున్నట్టు. దాన్ని బ్రాక్ట్ అంటాం. ఆ తొడుగు మూతిలోంచి పుప్పొడిని పట్టుకునే రెండు తెల్లటి వెంట్రుకల్లాంటి కీలాగ్రాలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. సూదితో తొడుగు విప్పితే లోపల ఒకే ఒక్క అండాశయం, దాన్ని అతుక్కుని ఉల్లిపొర కంటే పల్చటి పరిపత్రం. లోపల ఒక్కటే అండం. ఒక పూవు, ఒక గింజ. అంతే లెక్క. చాలామంది ఆ తొడుగుని కేలిక్స్, అంటే రక్షకపత్రావళి, అనేస్తారు. తప్పు. కేలిక్స్ లాంటిది ఏదైనా ఉందంటే అది లోపలి పల్చటి పొర. బయటిది బ్రాక్ట్. పరీక్షలో తప్పు రాస్తే నేను మార్కులు వెయ్యను.

తొడుగు విప్పిన నా వేళ్ళు సాయంత్రం దాకా జిగురుజిగురుగా, ఘాటు వాసనతో ఉన్నాయి. సబ్బుతో రెండుసార్లు కడిగినా పోలేదు. హాస్టల్లో పక్కగది సార్ నన్ను అదోలా చూశాడు. ఆ జిగురు ఎక్కడిదో తర్వాత చెప్తాను.

ఇప్పుడు ఒక పాత కథ. 1694. జర్మనీలో ట్యూబింగెన్ అని ఊరు. కమెరారియస్ అని ప్రొఫెసరు. మొక్కల్లో ఆడామగా ఉంటాయా అన్నది అప్పటికి ఇంకా వాదమే. ఈయన ప్రయోగం చేసి చూద్దామనుకున్నాడు. ఏ మొక్కలు తీసుకున్నాడో తెలుసా? ఆముదం ఉంది అందులో! నాకు ఆయనంటే ఎందుకింత ప్రేమో ఇప్పుడు అర్థమైందా? ఆముదం గెలలో మగమొగ్గలు విచ్చకముందే గిల్లేశాడు. గింజ పట్టలేదు, తాలు మిగిలింది. మల్బరీ చేశాడు, పాలకూర జాతి చేశాడు, మొక్కజొన్న చేశాడు. చాలావరకు చెప్పినట్టు విన్నాయి. హెంప్ మాత్రం వినలేదు. ఆడమొక్కల్ని విడిగా పెట్టినా కొన్ని గింజలు పట్టాయి. పాపం, ఆయనకు అది కొరుకుడు పడలేదు, విసుక్కున్నాడు.

ఎందుకు పట్టాయి? రెండు దారులున్నాయి. ఒకటి, గాలి. ఇందాకటి మూడున్నర లక్షలు. రెండోది, ఆడమొక్కే ఏదో ఒక మూల ఒకటో రెండో మగపూలు పూసి ఉండొచ్చు. ఆ రెండో దారి ఉందే, గంజాయి బ్రీడింగ్ కథంతా ఆ సందులోంచే నడిచింది. మన ఆముదం కథ కూడా.

యూరప్ రైతు నార కోసం హెంప్ వేసేవాడు. సగం మగ, సగం ఆడ. మగమొక్క పుప్పొడి వదిలేసి ముందే ఎండిపోతుంది. ఆడమొక్క గింజ ముదిరేదాకా, అంటే ఇంకా కొన్ని వారాలు, పచ్చగా నిలబడుతుంది. మగమొక్క నార సన్నగా మెత్తగా ఉంటుంది, బట్టకి పనికొస్తుంది. అందుకని మనుషులు చేలో దిగి మగమొక్కల్ని ముందు పీకేవాళ్ళు, ఆడమొక్కల్ని తర్వాత. ఇందులో ఒక వింత ఉంది. ఇంగ్లీషు రైతు ఆ సన్నటి మగమొక్కని ఫింబుల్ అన్నాడు. ఆ మాటకి మూలం లాటిన్‌లో ఆడది అని. గింజ మోసే దిట్టమైన ఆడమొక్కని కార్ల్ అన్నాడు. కార్ల్ అంటే మోటు మగాడు. పూర్తిగా తిరగేశాడు. నాజూగ్గా ఉన్నది ఆడదే అయ్యుండాలి, దిట్టంగా ఉన్నది మగదే అయ్యుండాలి. ఆ రైతు మొక్కని చూశాడా, తన ఇంట్లో లెక్కలు మొక్క మీద రుద్దాడా? మనవాళ్ళు ఈ విషయంలో నయం. పోతుతాడు, పెంటితాడు అని తాటిచెట్టుని సరిగ్గానే విడదీశారు. కాయ కాసేదే పెంటి. గీతకార్మికుడు ఎప్పుడూ పొరపడడు.

చేతితో పీకినన్నాళ్ళూ ఇబ్బంది లేదు. యంత్రం వచ్చాక వచ్చింది చిక్కు. యంత్రానికి మగా ఆడా తెలీదు కదా. సగం చేను ఎండిపోయి, సగం పచ్చిగా ఉంటే ఎప్పుడు కొయ్యాలి? అప్పుడు బ్రీడర్లు ఆ సందులోకి తొంగిచూశారు. ఒకే మొక్క మీద ఆడపూలూ మగపూలూ ఉండే చెట్లు వందల్లో ఒకటి రెండు కనిపిస్తాయి కదా, వాటినే పట్టుకుని రకం చేస్తే? చేనంతా ఒకేసారి ముదురుతుంది. అంటే ఆడామగా వేరు వేరు మొక్కలుగా ఉండే ఏకలింగాశ్రయిని, రెండు పూలూ ఒకే మొక్క మీద ఉండే ద్విలింగాశ్రయిగా మార్చడం. సోవియట్ కాలంలో ఉక్రెయిన్‌లో, జర్మనీలో ఇదే పని మీద కూర్చున్నారు. జర్మనీలో ఫాన్ జెంగ్‌బుష్ అని, చేదు లేని లూపిన్ పప్పును తయారుచేసినాయన, ఆయనే ఫిబ్రిమాన్ అనే రకాన్ని తెచ్చాడు. ఉక్రెయిన్‌లో హ్లుఖివ్ సంస్థ యూఎస్ఓ రకాలు తెచ్చింది. ఆ చివరి ఓ అక్షరం ఉందే, అది వాళ్ళ భాషలో ఒకే ఇల్లు అనే మాటకి గుర్తు. ఆడామగా ఒకే ఇంట్లో. ఫ్రాన్సువాళ్ళ ఫెడోరా, ఫెలినా కూడా ఈ కోవలోవే.

వినడానికి ఎంత తేలిగ్గా ఉంది! చేసినవాణ్ణి అడగండి. ఈ ద్విలింగాశ్రయి మొక్క చూడ్డానికి ఆడమొక్కలాగే ఉంటుంది, తల గుబురుగా, ఆకులతో. క్రోమోజోములు కూడా ఎక్స్ఎక్స్, అంటే ఆడదే. ఒక మొక్కలో మగపూలు ముప్పాతిక, ఇంకో దాంట్లో పదో వంతు. మగపూలు ఎక్కువున్న మొక్క పుప్పొడి ఎక్కువ చల్లుతుంది, గింజ తక్కువ ఇస్తుంది. ఎవరి పిల్లలు ఎక్కువవుతారు? అందుకని పూత తలని చూసి తరగతులు కట్టారు, మగపూలు బాగా ఎక్కువ నుంచి ఆడపూలు బాగా ఎక్కువ దాకా. ఆ చేలో ఒక్క అసలు మగమొక్క, వై క్రోమోజోము ఉన్నది, మిగిలిపోయిందనుకోండి. తులసివనంలో గంజాయి మొక్క అంటాం కదా, ఇక్కడ గంజాయి వనంలోనే గంజాయి మొక్క! దాని సంతానంలో సగం మగవి. నాలుగు తరాలు కేళీలు, అంటే రకానికి చెందని మొక్కలు, ఏరకుండా వదిలేస్తే మళ్ళీ సగం మగ, సగం ఆడ. మీ ద్విలింగాశ్రయి రకం సంచి మీద పేరుగా మిగులుతుంది.

నాకిది అనుభవమే. ఆముదంలో గెల కింది భాగంలో మగపూలు, పైన ఆడపూలు, మీకు తెలుసు. హైబ్రిడ్ చెయ్యాలంటే గెలంతా ఆడపూలే ఉన్న లైను కావాలి. అది అమెరికాలో టెక్సస్ నుంచి వచ్చింది, టీఎస్‌పీ-10ఆర్. దాంతోనే గుజరాత్‌లో 1960ల చివర జీసీహెచ్-3 అనే హైబ్రిడ్ వచ్చింది. ఆ టెక్సస్ లైను నుంచే వీపీ-1 అనే ఆడలైను తీశారు. ఈ లైన్లకి ఒక గుణం ఉంది. ఎండలు ముదిరితే గెల మధ్యలో అక్కడక్కడా మగపూలు పూస్తాయి. అది వరమూ, శాపమూ. లైనుని నిలబెట్టుకోవాలంటే వేసవిలో ఆ మగపూలే దిక్కు. హైబ్రిడ్ విత్తనం చెయ్యాలంటే యాసంగి చలిలో వెయ్యాలి, అవే పూలు శత్రువులు. ఒక ఏడాది నేను రెండు రోజులు పెళ్ళికి వెళ్ళాను. మా చెల్లెలి కూతురి పెళ్ళి, తప్పదు. ఆ రెండు రోజులూ మబ్బు విడిచి ఎండ కాసింది. తిరిగొచ్చేసరికి మూడో వరసలో మొగ్గలు విచ్చేశాయి. వేలెడు మేర పసుపు. ఎవరినీ అనడానికి లేదు, తప్పు నాదే. ఆ ప్లాటు విత్తనం మొత్తం నూనెకి పంపాం.

అందుకే హంగేరీలో బోచా అనే బ్రీడర్ చేసిన పని నాకు చాలా ఇష్టం. మొక్కతో గొడవపడలేదాయన. ఏకలింగాశ్రయి ఆడమొక్క మీద ద్విలింగాశ్రయి పుప్పొడి వేశాడు. రెండు వైపులా ఎక్స్ఎక్సే కదా, వై ఎక్కణ్ణుంచి వస్తుంది? మొదటి తరం దాదాపు అంతా ఆడమొక్కలే. యూనికో-బీ అన్నారు దాన్ని. మన ఆముదం హైబ్రిడ్‌కి వేలువిడిచిన మేనమామ అనుకోండి.

ఇంత చెప్పి ఢిల్లీ సంగతి చెప్పకపోతే తప్పు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో హెచ్.వై. మోహన్‌రామ్ గారు, వృక్షశాస్త్రంలో పెద్ద పేరు. 1970ల మొదట్లోనే జిబ్బరెల్లిన్ అనే హార్మోను ఇచ్చి ఆడ గంజాయి మొక్క మీద మగపూలు పూయించారు. 1982లో వెండి లవణాలతో మళ్ళీ చేసి చూపించారు. ఆడమొక్క మీద పూసిన ఆ మగపూల పుప్పొడి సజీవంగా ఉంది, ఫలదీకరణ చేసింది. వెండి ఏం చేస్తుంది? ఎథిలీన్ అనే ఇంకో హార్మోను మాట మొక్కకి వినపడకుండా చేస్తుంది. ఈ మొక్కలో ఆడపూవు వైపు మొగ్గించేది ఎథిలీన్. దాని గొంతు నొక్కితే మగపూవు. ఇవాళ ప్రపంచంలో హెంప్ విత్తన కంపెనీలు ఆడమొక్కలే వచ్చే విత్తనం అని ఎక్కువ ధరకి అమ్ముతున్నాయే, దాని వెనకున్న సూత్రం ఇదే. మన దగ్గర చేసిన పని. ఎంతమంది విన్నారీ పేరు? ఒక్క చెయ్యి... రెండు. సరే.

ఇప్పుడు ఆ జిగురు సంగతి. ఆడపూవు తొడుగు మీద, చుట్టూ ఉన్న చిన్న ఆకుల మీద గ్రంథి నూగు ఉంటుంది. ట్రైకోమ్‌లు. కొన్ని బొడిపెల్లా ఆకుకి అతుక్కుని ఉంటాయి, కొన్ని కాడ మీద తలతో పుట్టగొడుగుల్లా నిలబడతాయి. కాడ ఉన్నవి తొడుగు మీద దట్టం. 2020లో కెనడావాళ్ళు ఆ తల కింద స్రవించే కణాల్ని లెక్కపెట్టారు. అతుక్కున్నవాటిలో 8, కాడ మీదవాటిలో 12 నుంచి 16. మత్తు పదార్థమైనా, మందుకి వాడే సీబీడీ అయినా తయారయ్యేది అక్కడే. కాబట్టి మందు రకాల బ్రీడర్ ఏం చూస్తాడు? తలలో ఆకు తక్కువ, తొడుగులు ఎక్కువ ఉన్నాయా? కణుపుల మధ్య దూరం తక్కువై పూలు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయా? మామూలు కొమ్మే అది. కణుపు నుంచి కణుపుకి పొడుగు కుదించుకుంటూ, కొమ్మకి కొమ్మ వేసుకుంటూ పోతే తల అవుతుంది. ఇజ్రాయెల్ పరిశోధకులు 2019లో ఒక మంచి సంగతి చూపించారు. పగలు పొడుగ్గా ఉన్న రోజుల్లో కూడా కణుపుల దగ్గర ఒంటి పూలు వస్తూనే ఉన్నాయి. పగలు తగ్గడం వల్ల మారేది పూత పుట్టడం కాదు, ఆ కుదింపు.

తల బిగుతుగా ఉంటే బరువు ఎక్కువ, నిజమే. కానీ అందులో తేమ నిలుస్తుంది. బూడిదరంగు బూజు, బోట్రైటిస్, లోపలి నుంచి తినేస్తుంది, బయటికి కనపడదు. వానలు ఎక్కువున్న చోట్ల పాతకాలం రకాలకి తలలు వదులుగా, గాలాడేట్టు ఉంటాయి. మొక్కకి తెలుసు. ఆశపోతు బ్రీడర్‌కే తెలీదు.

గింజ పట్టని తలల వ్యాపారం కొత్తది కాదు. ఇప్పటి బంగ్లాదేశ్‌లో నౌగావ్ అని ఊరు, బ్రిటిష్ కాలంలో సర్కారు లైసెన్సుతో గంజాయి పండించిన చోటు. 1893, 94ల్లో కూర్చున్న విచారణ కమిషన్ ఆ సాగు గురించి వివరంగా రాసింది. అక్కడ పోద్దార్ అని ఒక పనివాడు ఉండేవాడు. ఇంగ్లీషువాళ్ళు గంజాయి డాక్టర్ అన్నారు. పూలు విచ్చకముందే సాళ్ళలో నడుస్తూ మగమొక్కని గుర్తుపట్టి తీసేసేవాడు. రైతులు కూలి ఇచ్చి పిలిపించుకునేవాళ్ళు. భూతద్దం లేదు, డిగ్రీ లేదు. కణుపు దగ్గర మొగ్గ ఆకారం చూసి చెప్పేవాడు. ఆయనకి మనం ఏం పాఠం చెప్తాం చెప్పండి?

మగమొక్కని తీసేస్తే ఆడపూవు ఏం చేస్తుంది? ఊరుకోదు. పుప్పొడి అందిన పూవుకి కీలాగ్రాలు గోధుమరంగుకి తిరిగి వాడిపోతాయి, దాని పని అయిపోయింది. అందని పూవు వాటిని పెంచుకుంటూ పోతుంది. 2016లో కెనడాలో స్మాల్, నరైన్ అనే ఇద్దరు కొలిచి చూశారు. ఎక్కువ కాలం పుప్పొడి అందకపోతే కీలాగ్రాలు పొడుగు పెరుగుతాయి, రెండుండాల్సిన చోట ఇంకొన్ని చీలికలు కూడా వస్తాయి. గాల్లోకి చేతులు ఇంకా ఇంకా చాస్తోందన్నమాట.

ఆ స్మాల్ గారే 1976లో క్రాంక్విస్ట్‌తో కలిసి 0.3 శాతం గీత గీశారు, హెంప్ ఇటు, గంజాయి అటు అని. లేత ఆకుల ఎండు బరువులో టీహెచ్‌సీ, అంటే మత్తు పదార్థం, అంత శాతం. ఏదో ఒక చోట గీయాలి కాబట్టి గీశామని ఆయనే చెప్పారు. అది ఇవాళ దేశదేశాల చట్టమైంది, 2018లో ఉత్తరాఖండ్ హెంప్ సాగుకి తలుపు తీసినప్పుడు వాడిన గీతా అదే. పూత ఆకారం చూసి అది ఎటువైపో చెప్పలేం, దాన్ని నిర్ణయించే జన్యువు వేరే. ఇండికా, సటైవా అని సంచుల మీద రాస్తారు చూడండి, అది ఇంకా అన్యాయం. 1785లో లామార్క్ ఇండికా అన్నది మన దేశం నుంచి వెళ్ళిన సన్నాకు మొక్కని చూసి. ఇప్పుడు వ్యాపారంలో ఇండికా అంటే పొట్టి, వెడల్పాకు అఫ్ఘాన్ రకం. పేరు మనది, మొక్క వాళ్ళది.

గింజ రకాల గురించి ఒక్కటే చెప్పి ముగిస్తాను, టైము చూస్తున్నారు మీ సార్. అడవి గంజాయి గింజ ముదరగానే రాలిపోతుంది. దాని అడుగున మెడలా సాగిన చోట తెగుతుంది, అక్కడ కొవ్వు పదార్థం ఉంటే పురుగులు మోసుకుపోతాయి. వోల్గా వైపు వావిలోవ్ అనే రష్యా వృక్షశాస్త్రవేత్త చూసి రాసిన సంగతి ఇది. ఆముదం గింజ మూతి మీద తెల్లటి బొడిపె గుర్తొచ్చిందా? చీమల కోసం. అదే పన్నాగం. ఇందాక ఉల్లిపొర అన్నాను చూడండి, పరిపత్రం. అడవి రకాల్లో అది గింజని అంటుకునే ఉండి మచ్చమచ్చలుగా మట్టి రంగులో కలిసిపోతుంది, పిట్టకి కనపడదు. సాగు రకాల్లో ఆ పొర ఊడిపోతుంది, గింజ నున్నగా వస్తుంది. ఎవరూ కావాలని ఎంచలేదు. కళ్ళానికి చేరిన గింజే మళ్ళీ విత్తనమైంది, రాలినది చేలోనే పోయింది. కొన్ని వేల ఏళ్ళు అలా జరిగితే పూవులో ఒక పొర మారింది. ఆ గింజే కుమావూలో చట్నీ నూరుకుంటారు, అల్మోడాలో తిన్నాను, మన నువ్వుల పచ్చడికి దగ్గరగా ఉంది. మత్తు లేదు, అడగకండి.

సరే. ప్రశ్నలుంటే నడుస్తూ అడగండి. బయట మూడో ప్లాటులో ఆముదం పిస్టిలేట్ లైను, అంటే ఆడపూలే ఉండే లైను, ఉంది, గెలలు ఇప్పుడిప్పుడే తొంగిచూస్తున్నాయి. ఎండెక్కకముందే వెళ్దాం. భూతద్దాలు తలా ఒకటి తీసుకోండి. ఎర్ర కీలాగ్రాల మధ్య ఎక్కడైనా పసుపు మొగ్గ కనిపిస్తే గిల్లకండి, నన్ను పిలవండి. నిన్న సాయంత్రం నాకు రెండు కనిపించాయి.